నవలలో మతం – ప్రాంతీయ వాస్తవికత

1956లో ఏర్పడిన రాష్ట్రం 2014లో రెండయింది. మన అభ్యుదయ విమర్శ మాత్రం మతాన్ని గురించి ఇప్పటికీ ఒకే కొలబద్ద పట్టుకొని కూర్చుంది. పాత్ర దేవుణ్ణి ధిక్కరిస్తే చైతన్యం, దండం పెడితే వెనుకబాటు!

ఈ కొలబద్ద ఎక్కడిది? కృష్ణా, గోదావరి డెల్టాలది. 1850లలో ఆనకట్టలు వచ్చి, పంట డబ్బయి, రైతుబిడ్డలు చదువుకున్నాక పురోహితుని పెత్తనం వారికి కంటగింపయింది. త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలను నిలదీసిందీ, గోరా 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించిందీ ఆ నేలమీదే. ఆ ఉద్యమం గొప్పతనాన్ని నేను కాదనను. కాని అది తెలుగువారందరి అనుభవం కాదు.

అసలు కోస్తా నవలకే అది చాలదు. ఉన్నవ ‘మాలపల్లి’ (1922)లో రామదాసు పరమ భక్తుడు. ఆ భక్తి అతణ్ణి భూస్వామి ముందు ఓర్పుతో వంచింది నిజమే. కొడుకు సంగదాసు హతుడైన తరువాత కూడా మనిషిగా నిలబెట్టింది ఆ భక్తే. మాకు ఎం.ఏ.లో దాన్ని గాంధేయ నవల అని ఒక్కమాటతో తేల్చేశారు.

వట్టికోట ఆళ్వారుస్వామి ‘ప్రజల మనిషి’ (1955)కి వస్తే ప్రశ్నే మారిపోతుంది. అది నిజాం పాలనలోని పల్లె. అక్కడ మతం పూజగదిలో కాదు, రాజ్యంలో ఉంది. హరిజనులు ఇస్లాంలో కలవటం, దానికి పోటీగా ఆర్యసమాజం రంగంలోకి దిగటం – వీటిలో దేవుడున్నాడా లేడా అన్న చర్చకు చోటెక్కడిది? వెట్టి తప్పుతుందా, గడీ ముందు తల ఎత్తగలమా అన్నదే అక్కడి మనుషుల ఆరాటం. పేరు మారినంత మాత్రాన దొరతనం మారదని నవల చెబుతుంది. ఈ ఇతివృత్తాన్ని ‘మతమౌఢ్యం’ పద్దులో వేసిన విమర్శకుడు వెట్టిని చూడనట్టే.

రాయలసీమది మరో దారి. గూగూడు పీర్ల పండుగలో హిందువులు, ఉగాదినాడు దేవుని కడప గుడిలో ముస్లింలు, వీరబ్రహ్మం పక్కన దూదేకుల సిద్దయ్య. ఇది వేరే వ్యాసానికి తగిన సంగతి.

ప్రాంతం పేరు చెప్పి మతోన్మాదాన్ని వెనకేసుకు రమ్మనటం లేదు. రజాకార్లు చెలరేగిందీ తెలంగాణలోనే. కాని అంతకుముందే, 1940లో, విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి భూమికోసం కోర్టుకెక్కిన కామారెడ్డిగూడెం రైతు షేక్ బందగీ హతుడయ్యాడు. అతని సమాధి దగ్గర హిందూ ముస్లిం రైతులు కలిసి ఉర్సు జరుపుకున్నారు. దీన్ని మూఢనమ్మకమందామా, రైతు ఉద్యమమందామా?

సుంకర, వాసిరెడ్డి కోస్తావారే. అయినా ‘మా భూమి’ (1947)కి వారు స్ఫూర్తి తీసుకున్నది ఆ బందగీ నుంచే. ఆ నాటకం మీద నేను చదివిన వ్యాసాలు వర్గపోరాటాన్ని ఎంతో వివరంగా చర్చించాయి. సమాధి దగ్గర రైతులు పెట్టిన దీపాన్ని మాత్రం ఒక్కటీ ప్రస్తావించలేదు.