ఆర్‌డీ, ఆర్‌ఎక్స్: ఒకే ఇంటి రెండు వేగాలు

స్పోర్ట్స్ కారు కొనాలా, వెనక సీటూ డిక్కీ ఉండి ఇంచుమించు అంతే జోరుగా పోయే కూపే కొనాలా అన్నది కార్ల లోకంలో పాత తగువు. అమెరికాలో ఫోర్డ్ కంపెనీ 1955 మోడల్‌గా రెండు సీట్ల థండర్‌బర్డ్ తెచ్చింది. మూడేళ్లు తిరిగేసరికి, 1958 మోడల్‌లో, దానికి వెనక సీటు బిగించింది. అమ్మకాలు పెరిగాయి. 1964 ఏప్రిల్‌లో అదే కంపెనీ మామూలు ఫాల్కన్ కారు భాగాలు తీసుకుని నలుగురు కూర్చునే మస్టాంగ్ చేసింది, అది అంతకు మించి అమ్ముడుపోయింది. షెవ్రొలే కంపెనీ మాత్రం 1953లో మొదలుపెట్టిన కార్వెట్‌ను ఇద్దరి బండిగానే ఉంచేసింది. అదీ బతికింది. అంటే అక్కడ కూడా ఈ తగువు తెగలేదు.

మన ఊళ్లకు ఈ తగువు రెండు చక్రాల మీద వచ్చింది. 1980లలో, అదీ ఎస్కార్ట్స్ అనే ఒకే కంపెనీ గడప దాటి. ఒకటి 1983లో వచ్చిన రాజ్‌దూత్ 350, మెకానిక్కులు ‘ఆర్‌డీ’ అనే బండి. రెండోది 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100.

రెండో దాన్ని పరిచయం చేయనక్కర్లేదు. గంపలగూడెం మండలం నెమలిలోనైనా, తిరువూరు బస్టాండు దగ్గరైనా నలభై దాటిన మగవాళ్లను కదిపితే ఆర్‌ఎక్స్ కథ ఒకటి బయటికొస్తుంది: తనదో, అన్నయ్యదో, అప్పు అడిగి ఒక పూట తోలినదో. 2018లో అజయ్ భూపతి తన మొదటి సినిమాకు ఆ పేరే పెట్టాడు. బండి ఆగిపోయిన ఇరవై రెండేళ్ల తర్వాత కూడా ఆ పేరు పోస్టరు మీద చాలింది. కాగా రాజ్‌దూత్ 350 అంటే మనవాళ్లలో చాలామంది ‘పాలక్యాన్లు కట్టుకునే రాజ్‌దూతా?’ అని ఎదురడుగుతారు. అది రాజ్‌దూత్ 175. పేరు పంచుకోవడమే తప్ప దానికీ దీనికీ పోలిక లేదు. హిందీలో 1983లో వచ్చిన ‘హీరో’ సినిమాలో జాకీ ష్రాఫ్ నడిపినది ఈ 350 బండి. అందుకే ఆర్‌డీ గురించి ఇక్కడ కాస్త ఎక్కువ చెప్పుకోవాలి.

యమహా 1973లో విదేశాల్లో అమ్మకానికి పెట్టిన ఆర్‌డీ 350కి మన రాజ్‌దూత్ నేరు వారసుడు. 347 సీసీ, పక్కపక్కన రెండు సిలిండర్లు, రెండు కార్బ్యురేటర్లు, ఆరు గేర్లు. విదేశీ బండికి 39 హార్స్‌పవర్ ఉండేది. మన దగ్గరికి వచ్చేసరికి అది 30.5 అయింది. దాన్ని ‘హై టార్క్’, హెచ్‌టీ అన్నారు. మైలేజీ గోల పెరిగాక ఇంకా తగ్గించి 27కి దించారు, అది ‘లో టార్క్’, ఎల్‌టీ. ఇంత కోత పెట్టాక కూడా 1983లో మన రోడ్డు మీద దాన్ని అందుకునే బండి లేదు. బుల్లెట్టు దానికంటే గంభీరంగా ఉండేదేమో కానీ వేగంలో పోటీయే కాదు.

ఆర్‌ఎక్స్ 100కి 98 సీసీ, ఒకే సిలిండరు, నాలుగు గేర్లు, 11 హార్స్‌పవర్. కాగితం మీద చూస్తే ఆర్‌డీలో మూడో వంతు. అయితే బరువు 103 కిలోలే. అదే 1985లో మొదలైన హీరో హోండా సీడీ 100 లీటరుకు ఎనభై కిలోమీటర్లని ప్రచారం చేసుకుంది, ఆర్‌ఎక్స్ ఆ పోటీ జోలికే పోలేదు. దాని బలమంతా మనవాళ్లు ‘పికప్’ అనే గుణంలో ఉంది. మొదటి గేరులో క్లచ్ కాస్త తొందరపడి వదిలితే ముందు చక్రం నేల విడిచేది.

ఈ రెంటి చుట్టరికం ఇంజన్ లోపల ఉంది. రెండూ టూ స్ట్రోక్ బళ్లే. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో క్రాంకు రెండు చుట్లు తిరిగితే ఒకసారి పేలుడు జరుగుతుంది. వీటిలో ప్రతి చుట్టుకూ జరుగుతుంది. అందుకే చిన్న ఇంజన్ నుంచి అంత ఊపు వస్తుంది, అందుకే పెట్రోలూ అంతే తాగుతుంది. అలాగే రెంటిలోనూ రీడ్ వాల్వ్ ఉంది. కార్బ్యురేటరుకూ ఇంజనుకూ మధ్య పలచని రేకులు, పెట్రోలు కలిసిన గాలిని లోపలికి రానిస్తాయి, వెనక్కి పోనివ్వవు. టూ స్ట్రోక్ బండి తక్కువ వేగంలో గుటకలు మింగుతూ నడవడం సహజం. ఆ జబ్బును చాలావరకు నయం చేసింది ఈ రేకులే. ఆర్‌ఎక్స్ పికప్ అని మనం చెప్పుకునేదాంట్లో సగం పుణ్యం వాటిదే, ఆర్‌డీకి కూడా అంతే.

అయినా తోలేవాడికి అవి ఒకేలా అనిపించవు. ఆర్‌డీ కింది వేగంలో బుద్ధిగా ఉంటుంది. ఇంజన్ చుట్లు సగం మెట్టు దాటాక ఒక్కసారిగా గొంతు మారుతుంది. రెండు సైలెన్సర్ల నుంచి వచ్చే శబ్దం ఒకటిగా కలిసి సన్నగా పైకి లేస్తుంది, బండి చేతుల్లోంచి లాగేసుకుంటున్నట్టు పోతుంది. ఆ ఘడియ కోసమే దాన్ని కొంటారు. దాన్ని అందుకోవాలంటే ఖాళీ రోడ్డు కావాలి, ఆరు గేర్ల మీద ధ్యాస కావాలి. ఆర్‌ఎక్స్ అంత దాచుకోదు. యాక్సిలరేటర్ తిప్పిన క్షణంలోనే ఉన్నదంతా ఇచ్చేస్తుంది. తిరువూరు సంతరోజు ఆటోల మధ్య రెండు బారల సందు దొరికినా తన వేగం చూపించగలదు. ఆర్‌డీ రైడరు జాతీయ రహదారి వచ్చేదాకా ఆగాలి, ఆర్‌ఎక్స్ కుర్రాడికి ఆ అవసరం లేదు.

ఇక్కడ నేను కాసేపు ఆగి లెక్క వేయదలచుకున్నాను, ఎందుకంటే ‘ఆర్‌ఎక్స్ పనికొచ్చే బండి, ఆర్‌డీ షోకు బండి’ అని తేలిగ్గా తేల్చేయడం సరికాదు. అరవై అయిదు కిలోల మనిషి ఎక్కితే ఆర్‌ఎక్స్‌లో ఒక్కో హార్స్‌పవర్ సుమారు 15 కిలోలు లాగాలి. వెనక అంతే బరువున్న మరో మనిషి కూర్చుంటే అది 21 అవుతుంది. నూట యాభై కిలోల పైచిలుకు తూగే హెచ్‌టీ ఆర్‌డీలో ఒక మనిషితో 7, ఇద్దరితో 9. అంటే బరువు పడ్డప్పుడు ఎక్కువ నీరసపడేది ఆర్‌ఎక్సే. వెనక ఎరువు బస్తా వేసుకుని చెరువు గట్టు ఎక్కాలంటే, బలం ఒక్కటే చూస్తే, షోకు బండే నయం. కాబట్టి ఆర్‌ఎక్స్ పనితనాన్ని మోతలో వెతక్కూడదు.

మరి ఎక్కడ? మొదట పెట్రోల్లో. ఆర్‌డీ లీటరుకు ఇరవై కిలోమీటర్లు ఇస్తే ఆ రోజు మంచి రోజు. ఆర్‌ఎక్స్‌ను మర్యాదగా నడిపితే అంతకు రెట్టింపు వస్తుంది. రెండోది బ్రేకుల్లో. ఈ విషయంలో ఆర్‌డీని ఎంత ఇష్టపడేవాడైనా నిజం ఒప్పుకుని తీరాలి. విదేశీ ఆర్‌డీకి ముందు చక్రానికి డిస్క్ బ్రేకు ఉండేది. మన బండికి అది తీసేసి డ్రమ్ము పెట్టారు. బలం మీద కోత పెట్టిన చేతులే బ్రేకు మీదా కోత పెట్టాయి. బలం మీద కోత తర్వాత కూడా మిగిలినది ఆ డ్రమ్ముకు మించినది. కట్టలేరు వంతెన దిగుతుంటే ఎదురుగా గేదెల మంద కనిపించిన రైడరుకు ఈ తేడా పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన పని లేదు. ఆర్‌ఎక్స్‌కీ ముందూ వెనకా డ్రమ్ములే. అయితే దాని బరువుకూ, దాని వంద కిలోమీటర్ల పై వేగానికీ అవి దాదాపు సరిపోయాయి. ఉన్న వేగాన్ని ఆపుకోగలగడం కూడా పనితనమే.

మూడోది మెకానిక్ షెడ్డులో తేలుతుంది. టూ స్ట్రోక్ బండి 2టీ ఆయిల్‌ను పెట్రోలుతో కలిపి కాలుస్తుంది. ఆ మసి సైలెన్సర్ లోపల పేరుకుని బండి గొంతు పట్టేస్తుంది. ఆర్‌ఎక్స్ ‘లాగట్లేదు’ అని తెస్తే మండల కేంద్రంలోని మెకానిక్ ముందుగా సైలెన్సర్ వెనక బోల్టు విప్పి లోపలి గొట్టం బయటికి లాగుతాడు. తారు పూసినట్టు నల్లగా, వేలు పెడితే అంటుకునేలా ఉంటుంది. దాన్ని మంటలో ఎర్రబడేదాకా కాల్చి, నేలకేసి కొట్టి, బూడిద దులిపి, మళ్లీ బిగిస్తాడు. ప్లగ్గు తుడుస్తాడు. టీ తాగి వచ్చేలోగా బండి సిద్ధం. ఆర్‌డీకి కూడా ఇదే మసి, ఇదే మంట. కానీ పని అక్కడితో అయిపోదు. రెండు కార్బ్యురేటర్లూ ఒకే క్షణంలో ఒకేలా తెరుచుకోవాలి, రెండు సిలిండర్ల టైమింగ్ విడివిడిగా కుదరాలి. ఒకటి వెంట్రుకవాసి తప్పినా రెండోది ఆ భారం మోసి వేడెక్కుతుంది, చివరికి పిస్టన్ పట్టేస్తుంది. ఆ చెవి ఉన్న మెకానిక్ కోసం అప్పట్లో విజయవాడ ఆటోనగర్ దాకా పోవలసిందే. పైగా విడిభాగాలు అరుదు, ఖరీదు.

ఒంగోలు జాతి ఎడ్లలో బండలాగుడు పందేలకు మేపే జత వేరు, అరక కట్టే జత వేరు. జాతి ఒకటే, మేత వేరు, సాకుడు వేరు, వాటి దగ్గర యజమాని ఆశించేదీ వేరు. కృష్ణా జిల్లా రైతు పందెం జతను చూసి ఎప్పుడూ ‘ఇది దుక్కికి పనికిరాదు’ అని ఈసడించలేదు. అరక జతను చూసి చిన్నచూపూ చూడలేదు. ఈ రెండు బళ్ల విషయంలో కూడా అదే చూపు ఉండాలని నా పట్టుదల. ఆర్‌ఎక్స్ అభిమానులు ఆర్‌డీని డబ్బున్నవాడి పిచ్చి అంటారు. ఆర్‌డీ అభిమానులు ఆర్‌ఎక్స్‌ను పిల్లల బండి అంటారు. చెన్నై దగ్గర షోలవరం పాత విమాన రన్‌వే మీద జరిగిన రేసుల్లో రెండు ఇంజన్లూ పరుగెత్తాయి, రెంటికీ అక్కడ గౌరవం దక్కింది. ఈ ఎగతాళి ఆ రేసులు చూసినవాళ్లది కాదు.

వాటి అంతం మాత్రం వేర్వేరుగా జరిగింది. రాజ్‌దూత్ 350 ఆ దశాబ్దం ముగిసేసరికి ఆగిపోయింది. దాన్ని చంపింది పెట్రోలు ధర, మైలేజీ మీద మనకున్న మమకారం. ఆర్‌ఎక్స్ 100 అంతకంటే కొన్నేళ్లు ఎక్కువ బతికి 1996లో ఆగింది. ఆ ఏడు పొగ నిబంధనలు బిగిశాయి, కాలిన ఆయిల్‌ను నీలిపొగగా వదిలే ఇంజన్లకు చోటు తగ్గింది. తర్వాత ‘135’ పేరుతో వచ్చిన యమహాలు ఆ వంశాన్ని ఇంకొన్నాళ్లు నిలబెట్టాయి. ఆర్‌డీకి ఇక్కడ అలాంటి వారసుడు దొరకలేదు. పొగ నిబంధనలు అన్యాయమని నేను అనను. పిల్లలు పీల్చే గాలి ముందు నా మోజు ఎంత?

ఇప్పటి సంగతి ఇంకా ఆసక్తిగా ఉంది. అప్పట్లో ఆర్‌ఎక్స్ ఎక్కి పొలానికీ, కాలేజీకీ, పెళ్లిచూపులకూ వెళ్లినవాళ్ల కొడుకులు ఇవాళ దాన్ని ఆదివారం మాత్రమే బయటికి తీస్తున్నారు. కొత్తగా రంగు వేయించి, క్రోమ్ పూయించి, గుడ్డ కప్పి ఉంచుతున్నారు. బాగుచేసిన బండి ధర లక్ష దాటుతోంది. రోజూ తిరగడానికి ఇంట్లో స్కూటరో మరో బైకో ఉంది. అంటే పనికొచ్చే వేగపు బండిగా పుట్టిన ఆర్‌ఎక్స్ ఇప్పుడు అచ్చంగా స్పోర్ట్స్ కారు పాత్రలోకి వచ్చేసింది. ఆర్‌డీ మొదటి నుంచీ ఆ పాత్రలోనే ఉంది, అలాగే కొనసాగుతోంది. పైగా తెలిసిన యజమానులు దానికి డిస్క్ బ్రేకు పెట్టించుకుంటున్నారు, కంపెనీ తీసేసినదాన్ని ముప్పై నలభై ఏళ్ల తర్వాత తిరిగి అతికించుకుంటున్నారు. అలా ఆర్‌డీ కొంచెం బాధ్యత నేర్చుకుంది, ఆర్‌ఎక్స్ కొంచెం షోకు నేర్చుకుంది, ఇద్దరన్నదమ్ములూ ఒకే పాకలోకి చేరారు.

ఇప్పుడు కొనబోయేవాళ్లకు నా మాట ఇది. ఇంట్లో ఇంకో బండి లేకపోతే ఆర్‌డీ జోలికి పోవద్దు. ఆర్‌ఎక్స్ కూడా ఇక రోజువారీ బండి కాదు, అయినా మండల కేంద్రంలో దాని గొంతు తెలిసిన మెకానిక్ ఇంకా ఉన్నాడు. ఇంకో బండి ఉండి, నేర్పున్న మెకానిక్ అందుబాటులో ఉండి, ఖర్చుకు వెనకాడని మనసుంటే ఆర్‌డీనే తీసుకోండి, ఆ గొంతు మారే ఘడియ ఆర్‌ఎక్స్ మీద దొరకదు. డిస్క్ బ్రేకు లేకుండా మాత్రం రోడ్డెక్కించకండి. ఏది కొన్నా డబ్బు చేతులు మారకముందే ఇంజన్ నంబరూ ఛాసిస్ నంబరూ ఆర్‌సీతో సరిచూసుకోండి. పదిహేనేళ్లు దాటిన బళ్లకు ఫిట్‌నెస్ చేయించి రిజిస్ట్రేషన్‌ను అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ఆ కాగితం లేని ఆర్‌ఎక్స్‌ను ఎంత చవగ్గా ఇస్తానన్నా తీసుకోకండి.