విప్పుట, బిగించుట: కారు మరమ్మతు గ్రంథములపై ఒక విమర్శ

యంత్రములను గూర్చిన పుస్తకములు రెండు విధములుగ ఉండును. యంత్రము ఎట్లు పనిచేయునో చెప్పునవి కొన్ని. అది చెడినప్పుడు ఏమి చేయవలెనో చెప్పునవి కొన్ని. రెండవ తరగతిలో ప్రపంచమంతట ప్రసిద్ధి కెక్కినవి ఇంగ్లండులో వెలువడిన హేన్స్ మాన్యువళ్లు. కారు ముందుచక్రపు బేరింగును ఇంటియొద్దనే మార్చుకొను పద్ధతిని వివరించు భాగములో ఈ గ్రంథముల గుణమును, దోషమును కూడ స్పష్టముగ చూడవచ్చును.

జాన్ హేన్స్ 1938లో సింహళములో, అనగా నేటి శ్రీలంకలో, జన్మించెను. ఇంగ్లండులో విద్యార్థిగ ఉన్నప్పుడే ఒక పాత ఆస్టిన్ కారును మార్చి నిర్మించి, ఆ పద్ధతిని 1956లో చిన్న పుస్తకముగ ప్రచురించెను. తరువాత వైమానిక దళ ఉద్యోగిగ ఏడెన్ నగరములో ఉండగ, ఒక మిత్రుని పాత కారును బాగుచేయుటకు పూనుకొనెను. తయారీదారుల పుస్తకము శిక్షణ పొందిన మెకానిక్కులకే గాని సామాన్యునకు పనికిరాదని అప్పుడు గ్రహించెను. ఇరువురును ఆ కారును విప్పి, మరల కూర్చి, పని జరిగిన తీరును ఫోటోలు తీసిరి. 1966లో వెలువడిన మొదటి మాన్యువల్‌కు ఇదియే మూలము. చేసి చూచిన తరువాతనే వ్రాయవలెనను నియమము ప్రయోగశాలలో పాటింపవలసిన నియమమే. ఈ గ్రంథముల గౌరవమునకు ముఖ్యకారణము అదియే.

బేరింగు పని స్వరూపము ఇది. ముందుచక్రములతో నడచు కారులో చక్రము బిగింపబడు హబ్బు, స్టీరింగ్ నకిల్ అను దిమ్మలో తిరుగుచుండును. రెంటి నడుమ రెండు వరుసల ఉక్కు గుండ్లుగల బేరింగు ఉండును. దాని వెలుపలి వలయము నకిల్‌లోను, లోపలి వలయము హబ్బుపైనను బిగువుగ కూర్చొనును. గుండ్ల గాడి అరిగినచో కారు నడచునప్పుడు బొంగురు మ్రోత వినబడును; వేగముతో అది హెచ్చును. అప్పుడు కారును ఎత్తి, జాకీని మాత్రమే నమ్మక దృఢమైన స్టాండుపై నిలిపి, చక్రమును, బ్రేకు భాగములను, ఇరుసు నట్టును తీసి, హబ్బును, బేరింగును ప్రెస్సుతో బయటికి నెట్టవలెను. మాన్యువల్ దీనినంతయు బొమ్మలతో, తొందరపాటు లేకుండ చెప్పును.

ఇక బిగించుట సంగతి. బిగించు క్రమము విప్పిన క్రమమునకు విలోమమను భావముగల వాక్యము ఈ గ్రంథములలో అడుగడుగున కనబడును. ఆంగ్ల పాఠకులలో అది ఒక హాస్యోక్తిగ కూడ మారినది. దానివలన పుటలు ఆదా అగుననుట నిజమే. చక్రపు బోల్టులు, బ్రేకు భాగముల విషయములో అది చాలవరకు సరిపోవును. బేరింగు విషయములో మాత్రము అది నాలుగు చోట్ల చదువరిని పెడత్రోవ పట్టించును.

మొదటిది బలము ప్రయాణించు మార్గము. పాత బేరింగును నెట్టునప్పుడు బలము ఏ వలయముపై పడినను నష్టములేదు. అది ఎట్లును పారవేయవలసినదే. క్రొత్తదానిని నకిల్‌లో కూర్చునప్పుడు వెలుపలి వలయమునే నెట్టవలెను. హబ్బును చొప్పించునప్పుడు లోపలి వలయమునకు వెనుకనుండి ఆనుడు ఉండవలెను. లేనిచో టన్నులలో ఉండు ప్రెస్సు బలమంతయు గుండ్లద్వారా ప్రయాణించును. గుండు గాడిని తాకు చోటు మిక్కిలి స్వల్పము. కాబట్టి అచ్చటి పీడనము మిక్కిలి అధికము. ఇట్టి స్పర్శను 1881లో జర్మన్ శాస్త్రజ్ఞుడు హైన్‌రిక్ హెర్ట్జ్ గణితముతో సాధించెను. బాల్ బేరింగు నిలుకడగ మోయదగిన భారమును నిర్ణయించుటకు నేడు అంగీకరించిన స్పర్శ ప్రతిబలము సుమారు 4,200 మెగాపాస్కలులు, అనగా వాతావరణ పీడనమునకు 41,000 రెట్లు. ఆ ప్రతిబలమువద్ద కలుగు శాశ్వత విరూపణము గుండు వ్యాసములో దాదాపు పదివేలవ వంతు. 12 మిల్లీమీటర్ల గుండునకు మిల్లీమీటరులో వేయవ వంతు కంటె కొంచెము ఎక్కువ. అది దాటినచో గాడిలో గుంటలు పడును. కంటికి కనబడని ఆ గుంటలతోనే క్రొత్త బేరింగు కొలది దినములలో పాతదానివలె మ్రోగనారంభించును.

ఈ బలమును తగ్గించుటకు భౌతికశాస్త్రము ఒక ఉపాయము చూపును. ఉక్కు దైర్ఘ్య వ్యాకోచ గుణకము డిగ్రీ సెంటిగ్రేడునకు సుమారు 0.000012. 70 మిల్లీమీటర్ల రంధ్రముగల ఉక్కు నకిల్‌ను 80 డిగ్రీలు వేడిచేసినచో రంధ్రము 70 × 0.000012 × 80 = 0.067 మిల్లీమీటరు పెరుగును. బిగువునకు కారణమైన కొలతల భేదము కూడ మిల్లీమీటరులో కొన్ని నూరవ వంతులే. గ్రీజు నింపి మూసిన బేరింగును మాత్రము వేడిచేయరాదు. ఈ లెక్క తెలిసినవాడు సుత్తిని ఆశ్రయింపడు.

రెండవది ఇరుసు నట్టు. విప్పునప్పుడు కారు నేలపై ఉండగనే నట్టును వదులుచేసి, తరువాత ఎత్తుట సామాన్య పద్ధతి. దీనికి విలోమము ఏమి? ముందు కారును దింపి, తరువాత నట్టును పూర్తిగ బిగించుట. కాని కొన్ని కార్లలో లోపలి వలయపు రెండు భాగములను దగ్గరగ నొక్కిపట్టునది ఆ నట్టే. అది బిగియకముందు కారు బరువు చక్రముపై పడినచో బేరింగు చెడును. కాబట్టి అట్టి కార్లలో తయారీదారు చెప్పిన మొదటి బిగువు చక్రము గాలిలో ఉండగనే ఇయ్యవలెను. ఇచ్చట విలోమ క్రమమే తప్పు క్రమము. పైగ అనేక కార్లలో ఈ నట్టు ఒకేసారి వాడదగినది. తీసినదానినే మరల బిగింపరాదు.

మూడవది అయస్కాంతము. నేటి కార్లలో చక్రము జారకుండ బ్రేకును అదుపుచేయు ఏ.బి.ఎస్. పరికరమునకు చక్రవేగము తెలియవలెను. అందుకై అనేక బేరింగుల ఒక ప్రక్క సీలులో ఉత్తర, దక్షిణ ధ్రువములు ఒకదాని తరువాత ఒకటి అమర్చిన వలయము ఉండును. చూపునకు రెండు ప్రక్కలును ఇంచుమించు ఒకేరీతిగ ఉండవచ్చును. తిప్పి బిగించినచో సెన్సారునకు సంకేతము అందదు. బేరింగును మరల పీకి పారవేయవలసినదే. పాత కారును విప్పిన క్రమము ఎంత గుర్తున్నను ఈ విషయము తెలియదు. కారణము తెలిసినవాడే ముందుగ పరీక్షించును.

నాలుగవది సవరింపు. వెనుకచక్రములతో నడచు అనేక కార్ల ముందుచక్రములలో శంకువు ఆకారపు రోలరు బేరింగులు ఉండును. వీనిలో నట్టు బిగువును చక్రము త్రిప్పుచు సవరింపవలెను. మరీ బిగించినచో వేడెక్కును; వదలినచో చక్రము ఊగును. సైకిలు ముందుచక్రపు కోను బిగించునప్పుడు విద్యార్థులు చూచునదియు ఇదియే. ఆ మేర విప్పినప్పుడే పోయినది. దానిని తలక్రిందులు చేసి తిరిగి పొందుటకు వీలులేదు.

ఈ గ్రంథములకు అన్యాయము చేయరాదు. తీయునప్పుడు బేరింగు చెడునని, వెలుపలి వలయముపైననే బలము పడవలెనని, ప్రెస్సు లేనివారు పెద్ద వైసును, తగిన గొట్టములను వాడవచ్చునని అవి చెప్పుచునే ఉన్నవి. టార్క్ అంకెలు కూడ ఇచ్చును. కొరత ఎచ్చట ననగా, ఈ హెచ్చరికలు ఆజ్ఞలుగ ఉన్నవి గాని కారణములుగ లేవు. ఆజ్ఞను తొందరలో మరచుట సులభము. కారణము తెలిసినవాడు పుస్తకములో లేని కారు ఎదురైనను సరిగ ఆలోచింపగలడు. ప్రతి హెచ్చరిక ప్రక్కన రెండు వాక్యముల కారణము చేర్చినచో గ్రంథము పెద్దగ పెరుగదు. విలోమ సూత్రమును కూడ ఇట్లు సవరింపవచ్చును: భాగముల వరుస తిరుగవచ్చును, బలముల మార్గము తిరుగదు.

2020 చివర ఆ సంస్థ క్రొత్త కారు నమూనాలకు ముద్రిత మాన్యువళ్లను ఇక వెలువరింపబోమని ప్రకటించెను. ఇంటిలో పనిచేయువారు నేడు ఎక్కువగ చలనచిత్రములు చూచి నేర్చుకొనుచున్నారు. వానిలో చేతి కదలిక ఇంకను బాగుగ కనబడును. గుండ్ల గుండ సాగు బలము మాత్రము ఏ కెమెరాకును కనబడదు. ఈ లోపము కారు పుస్తకములకే పరిమితము కాదు. పాఠశాలల ప్రయోగ పుస్తకములలోను మెట్ల వరుస ఉండును గాని ఆ మెట్టు ఎందుకో తరచుగ ఉండదు. ఉపాధ్యాయులు ఒక పాత బేరింగును తరగతికి తెచ్చి, ఏ వలయమును నెట్టవలెను, ఎందుకు అని అడిగినచో, పీడనము, వ్యాకోచము, స్థితిస్థాపకత అను మూడు పాఠములును ఆ ఒక్క ప్రశ్నలోనే ఇమిడిపోవును. సరియైన సమాధానము చెప్పగల విద్యార్థి బిగించిన చక్రముపై ప్రయాణము చేయుటకు ఎవరును వెనుదీయనక్కరలేదు.