స్ప్రింగు తుపాకీ, రూపాయి బిళ్ళ

నాలుగు చినుకులు పడి చెనక్కాయ విత్తనం భూమిలో పడితే చాలు, నాకు ఒకే ప్రశ్నతో ఫోన్లు మొదలవుతాయి. ఉరవకొండ వైపు నుంచో, కళ్యాణదుర్గం వైపు నుంచో ఎవరో ఒకరు. "నువ్వు గాలి తుపాకీ కాలుస్తావంట గదన్నా, పందులకు ఏది బాగుంటాది?" ఈసారి మా అక్క కొడుకు కూడా అదే అడిగినాడు. "మామా, పాయింట్ టూ టూ తీసుకుందామా, వన్ డబుల్ సెవెనా? గురి నేర్చుకున్నట్టూ ఉండాల, పొలానికీ పనికి రావాల." వాడికి ఫోన్లో చెప్పింది నాకే చాలలేదు. అందుకే ఈ వారం ఇది రాస్తున్నా.

ముందు పొలం సంగతి తేల్చుకుందాం. మన చేల మీద పడేవి ఏవి? రాత్రిపూట అడవి పందులు గుంపుగా దిగి చెనక్కాయ సాళ్ళు తవ్విపోస్తాయి. లేత మొలకను కృష్ణ జింకలు మేస్తాయి. విత్తనాన్ని నెమళ్ళు ఏరుకుంటాయి. జొన్న కంకులు, పొద్దుతిరుగుడు పూలు చిలకల పాలవుతాయి. వీటిలో కృష్ణ జింక, నెమలి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అడవి పంది, రామచిలుక రెండో షెడ్యూలులో ఉన్నాయి. కృష్ణ జింక మన రాష్ట్ర జంతువు, రామచిలుక 2018 నుంచి రాష్ట్ర పక్షి. 1972 నాటి ఆ చట్టంలో కాకులను, ఎలుకలను, పండ్లు తినే గబ్బిలాలను హానికర జీవులుగా విడదీసిన ఐదో షెడ్యూలు ఒకటి ఉండేది. 2022 సవరణ దాన్ని ఎత్తేసింది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది కాబట్టి కాకిని ఎవరైనా కొట్టొచ్చన్న పాత మాట కూడా ఇప్పుడు చెల్లదు. రెండో షెడ్యూలు జీవిని చంపితే మూడేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా రాసి ఉంది, మొదటి షెడ్యూలుదైతే జైలు ఇంకా ఎక్కువ.

నష్టం అబద్ధమని నేననడం లేదు. అప్పు తెచ్చి విత్తిన ఎకరా ఒక్క రాత్రిలో పాడైతే ఆ కడుపుమంట ఎట్లుంటుందో ఈ జిల్లాలో పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ గాలి తుపాకీ గుండు బరువు అర గ్రాము. అది పందిని చంపలేదు, దాని ఒంట్లో సీసం దించి పంపిస్తుంది. ఆ గాయం చీము పట్టి, పురుగు పట్టి, ఆ జంతువు ఏ కంపల్లోనో రోజుల తరబడి తీసుకుంటుంది. పంట మాత్రం దక్కదు, మర్నాడు మిగతా గుంపు వస్తుంది. చిలకల మీదికి మన పెద్దోళ్ళు మంచె ఎక్కి వడిసెల తిప్పేవాళ్ళు. రాయి పిట్టకు తగలాలని కాదు, వడిసెల చప్పుడుకు గుంపు లేచిపోవాలని. తోలడానికి చప్పుడు చాలు.

ఇక మిగిలింది ఎలుక, పందికొక్కు. బస్తాలు పేర్చిన గదిలో, దీపం వెలుగులో, ఐదారు గజాల దూరంలో కదలకుండా కూర్చున్న ఎలుకకు స్ప్రింగుతో నడిచే గాలి తుపాకీ సరిపోతుంది. అంతకు మించి ఆశ పెట్టుకోకూడదు. ఎలుక కడుపుతో ఉండేది మూడు వారాలే. నువ్వు రాత్రంతా కాపుగాసి ఒకదాన్ని కొట్టేలోపు గోడలో ఇంకో ఈత పడుతుంది. కన్నాలు మూయడం, బస్తాలను ఎత్తు మీద పెట్టడం, బోను, పిల్లి, ఇవి చేసే పని తుపాకీ చేయదు. విషం పెట్టడం నాకు ఇష్టం లేదు, ఆ ఎలుకను తిన్న గుడ్లగూబ కూడా పోతుంది. ఒక్క గుడ్లగూబ మన అందరికంటే ఎక్కువ ఎలుకలను పడుతుంది.

క్యాలిబర్ దగ్గరికొస్తే మన దేశంలో చట్టమే సగం తేల్చేసింది. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేని గాలి తుపాకీకి హద్దులు 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్ళ లోపు శక్తి. 0.177 అంటే ఆ 4.5 మిల్లీమీటర్లే. 0.22 అంటే 5.5 మిల్లీమీటర్లు, దాని జోలికి పోతే లైసెన్సు గొడవ. ఆ చట్టం లేకపోయినా నేను 0.177 తీసుకోమనే చెబుతా. ఒకే స్ప్రింగు బలంతో చిన్న గుండు వేగంగా, తిన్నగా పోతుంది. పెద్ద గుండు నెమ్మదిగా, వంపు తిరిగి పోతుంది కాబట్టి దూరం అంచనాలో రెండు గజాలు తేడా వచ్చినా గురి కిందికో పైకో జారుతుంది. పెద్ద గుండు దెబ్బ పెద్దదే, నిజం. కానీ తగలని పెద్ద దెబ్బతో పనేముంది?

అంగడిలో బలం పేరు చెప్పి అమ్ముతారు. సెకనుకు వెయ్యి అడుగులు, పన్నెండు వందల అడుగులు అని డబ్బా మీద పెద్దక్షరాలు. ఒలింపిక్స్‌లో పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీ 1984 నుంచి ఉంది. అభినవ్ బింద్రా 2008లో బీజింగ్‌లో బంగారు పతకం కొట్టింది, మన హైదరాబాద్ గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చింది అందులోనే. ఆ రైఫిళ్ళ గుండు సెకనుకు దాదాపు 170 మీటర్లే పోతుంది, అంటే 560 అడుగులు. అక్కడ పది పాయింట్ల గురి అర మిల్లీమీటరు చుక్క. డబ్బా మీది వేగం ఆ చుక్కకు దారి చూపదు. పైగా గుండు ధ్వని వేగాన్ని దాటితే మళ్ళీ దిగేటప్పుడు తడబడి దారి తప్పుతుంది.

స్ప్రింగు తుపాకీని నేను ఇష్టపడేది అది చేసే పని వల్ల. గొట్టం విరిచి వంచితే లోపల పిస్టన్ వెనక్కి పోయి స్ప్రింగు బిగుసుకుంటుంది. ట్రిగ్గర్ నొక్కగానే స్ప్రింగు పిస్టన్‌ను ముందుకు తోస్తుంది, ముందున్న గాలి నలిగి గుండును తన్నుతుంది. పిస్టన్ ముందుకు దూకేటప్పుడు తుపాకీ వెనక్కి తంతుంది. పిస్టన్ గాలి దిండుకు గుద్దుకుని ఆగేటప్పుడు తుపాకీ ముందుకు ఎగురుతుంది. ఇవన్నీ రెప్పపాటులో, గుండు ఇంకా గొట్టం దాటకముందే జరిగిపోతాయి. కాబట్టి ఈ తుపాకీని గట్టిగా బిగించి పట్టుకుంటే గురి కుదరదు. ఎడమ అరచేతి మీద ఊరికే ఆనించి, దానికిష్టమొచ్చినట్టు కదలనివ్వాలి. ప్రతిసారీ ఒకే చోట, ఒకే తీరుగా ఆనించాలి. చెయ్యి అంగుళం జరిగితే కాగితం మీద చిల్లు కూడా జరుగుతుంది. గాలి సిలిండరు నింపుకునే తుపాకులు ఈ తప్పులను క్షమిస్తాయి, కానీ వాటిని నింపడానికి మన ఊళ్ళలో ఏమీ దొరకదు. స్ప్రింగుది అట్లా కాదు, చేతి సత్తువతోనే నడుస్తుంది. జాతరలో బుడగలు కాల్చిన ప్రతివాడూ దీన్ని ఒకసారి పట్టుకున్నవాడే.

టెలిస్కోపు కొనేముందు ఆగాలి. ఆ ముందుకు ఎగిరే కుదుపుకు మామూలు స్కోపు లోపల అద్దాలు ఊడిపోతాయి. స్ప్రింగు తుపాకీకని చేసినదే కావాలి. నన్నడిగితే మొదటి ఏడాది ఇనప గురి కమ్ములే చాలు. అంగట్లో బలం అడక్కుండా మూడు చూసుకో. గొట్టం మూసినాక పక్కకు ఊపితే ఆడకూడదు. స్ప్రింగు బిగించడం నీ భుజానికి యాభైసార్లు ఆగేటట్టు ఉండాలి. ట్రిగ్గర్ చివరలో కరకరమనకుండా జారాలి.

మన ఎండకు, మన దుమ్ముకు కొన్ని మాటలు. పాత తుపాకుల్లో పిస్టన్‌కు తోలు వాషరు ఉంటుంది, వేసవిలో ఎండి గాలి వదిలేస్తుంది. అట్లని మోటారు నూనె పోయొద్దు. నలిగిన గాలి వేడికి నూనె అంటుకుని లోపలే పేలుతుంది, స్ప్రింగు విరుగుతుంది. గుండు లేకుండా ట్రిగ్గర్ నొక్కినా అంతే, పిస్టన్‌ను ఆపడానికి గాలి దిండు ఉండదు. ఆషాఢం గాలి, రామగిరి గాలిమరలు ఆగకుండా తిరిగే ఆ గాలి, ముప్పై మీటర్లకు చిన్న గుండును రెండు వేళ్ళ వెడల్పు పక్కకు తోస్తుంది. అందుకని పొద్దు పొడవకముందు పదిమీటర్ల మీద మొదలుపెట్టాలి. నాపరాయి గోడ ముందుగానీ గుండురాయి ముందుగానీ గురి పెట్టొద్దు, సీసం తిరిగి కంటికి వస్తుంది. చెక్కపెట్టెలో పాత గుడ్డలు కుక్కి వెనక రేకు పెడితే గుండు అక్కడే ఉండిపోతుంది. కాల్చినాక చేతులు కడుక్కోకుండా అన్నం ముట్టొద్దు.

ఇది ఆటబొమ్మ అనేవాళ్ళకు ఒక మాట. 2022లో సంగారెడ్డి జిల్లాలో ఒక ఫామ్‌హౌస్‌లో ఎయిర్‌గన్ పేలి నాలుగేళ్ళ పాప చనిపోయింది. లైసెన్సు అక్కర్లేదంటే ప్రమాదం లేదని కాదు. తాళం వేసిన బీరువాలో, స్ప్రింగు బిగించకుండా, గుళ్ళు వేరేచోట పెట్టాలి.

గుళ్ళ ఎంపిక చివరిది, కానీ తుపాకీ అంత ముఖ్యమైనది. కాగితానికి బల్లపరుపు తల గుండు, అది గుండ్రంగా కోసినట్టు చిల్లు పెడుతుంది. దూరానికి గుండ్రని తల గుండు. గుండు నడుము సన్నం, వెనక అంచు పలచన. ఆ అంచే గాలికి విచ్చుకుని గొట్టం లోపలి మరలను పట్టుకుంటుంది. కొన్న డబ్బాను గాజుపలక మీద పోసి దొర్లిస్తే నొక్కుపడిన అంచులవి వంకరగా పోతాయి, వాటిని తీసేయాలి. ఒకే తుపాకీ ఒక రకం గుండును మెచ్చి ఇంకో రకాన్ని చెదరగొడుతుంది. ఎందుకని ముందే చెప్పలేం, కాల్చి చూడాల్సిందే. ఒరే అబ్బాయ్, మూడు నాలుగు రకాలు చిన్న డబ్బాలు తెచ్చుకో. పది మీటర్లలో ఒక్కో రకం ఐదేసి కాల్చు, మూడు పొద్దుల్లో మూడుసార్లు. ఐదు చిల్లులూ రూపాయి బిళ్ళ కింద దాగిన రకం పేరు ఆ కాగితం మీదే రాసుకో, ఆ రకమే పెద్ద డబ్బా కొను. ఎలుక మాట ఆ తర్వాత మాట్లాడుకుందాం.