చుక్కల పుస్తకం

బుల్లెట్ జర్నల్ అనగానే ఇన్‌స్టాగ్రామ్‌లో మెరిసే పేజీలు గుర్తొస్తాయి. పూలతీగల అంచులు, నీటిరంగులు, ముత్యాల్లాంటి అక్షరాలు. అదంతా తర్వాత వచ్చి చేరిన సింగారం. పనుల్ని, తేదీల్ని నోటుబుక్కులో చేత్తో రాసుకునే ఈ పద్ధతిని రూపొందించిన అమెరికన్ రైడర్ కారల్ వృత్తిరీత్యా డిజైనరే అయినా ఆయన పేజీలు మాత్రం సాదాసీదావి. చిన్నతనంలోనే ఆయనకు ఏడీహెచ్‌డీ ఉందని తేలింది. మనసు ఒకచోట నిలవక సతమతమైన ఆ కుర్రాడు ఏళ్ల తరబడి తనకోసం కూర్చుకున్న ఉపాయాలే ఇవి. 2013లో వాటిని అందరి ముందూ పెట్టాడు. 2018లో పుస్తకం రాశాడు.

కావలసింది ఒక నోటుబుక్కు, ఒక పెన్ను. పిల్లల బడి నోటుబుక్కైనా చాలు. ఖరీదైన అట్ట, చుక్కల కాగితం కొన్నాకే అనుకుంటే ఇక మొదలెట్టినట్టే! పేజీలకు నంబర్లు వేసి, ముందున్న రెండు మూడు పేజీలు ఇండెక్స్‌కి వదలండి. తర్వాత రాబోయే ఆరు నెలలకూ తలా కొంత చోటు ఇవ్వాలి. దీన్ని ఫ్యూచర్ లాగ్ అంటారు. మార్చిలో కట్టాల్సిన బీమా ప్రీమియం, మేలో మేనకోడలి పెళ్లి ఇక్కడికి చేరతాయి. ఆ వెనక నెల పేజీలు. ఎడమవైపు తేదీలు నిలువుగా, కుడివైపు ఆ నెల పనులు. మిగతా పుస్తకమంతా రోజులదే. ఏ రోజుకి ఎంత చోటో ముందే గీసిపెట్టకూడదు. అచ్చు డైరీకీ దీనికీ అసలు తేడా ఇదే. ఆదివారం రెండు పంక్తుల్లో అయిపోవచ్చు, సోమవారం పేజీ దాటిపోవచ్చు.

రాసేది పొట్టిగా రాయాలి. పనికి చుక్క, పెళ్లో మీటింగో అయితే సున్నా, గుర్తుంచుకోవాల్సిన మాటకి అడ్డగీత. 'గ్యాస్ బుక్ చేయాలి' ముందు చుక్క పెడతాం. పనయ్యాక ఆ చుక్క మీదే ఇంటూ కొడతాం. పనిని ముందుకు మోసుకెళ్తే కుడివైపు బాణం, ఫ్యూచర్ లాగ్‌కి పంపితే ఎడమవైపు బాణం. చుక్కని ఎంచుకోవడంలో తెలివి అదే. దాన్ని ఏ గుర్తుగానైనా దిద్దుకోవచ్చు.

నా దృష్టిలో ఈ పద్ధతికి ప్రాణం మైగ్రేషన్. నెలాఖరున కూర్చుని, ఇంకా చుక్కలుగానే మిగిలిన పనుల్ని ఒక్కొక్కటే చూడాలి. అవసరమనిపిస్తే కొత్త నెలలోకి చేత్తో ఎత్తిరాయాలి. ఆ ఒక్క పంక్తి రాయడానికే బద్ధకమేసిందంటే ఆ పని బహుశా అక్కర్లేనిదే, కొట్టేయండి. ఫోన్ యాప్‌లలో ఈ శ్రమ ఉండదు. చేయని పని దానంతటదే మర్నాటికి జారుతుంది, జాబితా కొండవీటి చాంతాడవుతుంది, చివరికి యాప్ తెరవడమే మానేస్తాం. పాత కొట్లలో చిట్టాలోని పద్దుల్ని ఆవర్జాకి ఎక్కించే గుమాస్తాకి ఎవరి బాకీ ఎన్నాళ్లుగా నలుగుతోందో ఒకరు చెప్పనక్కర్లేకుండా తెలిసేది. ఇక్కడా అంతే. 'పళ్ల డాక్టరు' అని వరసగా మూడో నెల ఎత్తిరాసేవాడికి సిగ్గేస్తుంది, వెంటనే అపాయింట్‌మెంటు తీసుకుంటాడు.

అయితే ఈ పుస్తకం అలారం మోగించదు, పోగొట్టుకుంటే నకలుండదు. మందుల వేళలకి ఫోనే వాడుకోవాలి. ఇల్లు కట్టడం లాంటి పెద్ద వ్యవహారానికి ఎక్కడ పేజీ ఖాళీగా ఉంటే అక్కడే విడిగా మొదలుపెట్టి, ఆ నంబరు ఇండెక్స్‌లో వేస్తే సరి. వారం రోజులు రాయలేదా? బెంగ వద్దు. ఆగినచోటే ఇవాళ్టి తేదీ వేసి సాగిపోవచ్చు.