గోడమీది గార్డు

40 యేండ్ల క్రిందట బాలానగరు పారిశ్రామికవాడలోని యొక చిన్న ప్రెస్సు షాపున నేను డై ఫిట్టరుగా నుండిన కాలమున, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు రానున్నాడను వార్త ఎట్లో ఒక దినము ముందుగనే మాకు చేరుచుండెను. చేరినదే తడవుగా గోడమేకులకు వ్రేలాడుచున్న ఇనుపజాలి గార్డులన్నియు దిగివచ్చి, దుమ్ము దులిపించుకొని, పసుపురంగు పూయించుకొని, నలుగు పెట్టుకొన్న పెండ్లికొడుకులవలె పవర్ ప్రెస్సులకు ముందట నిలుచుచుండెను.

ప్రమాదకరమైన ప్రతి యంత్రభాగమునకును దృఢమైన రక్షణ నమర్చి, ఆ భాగము కదలుచున్నంతసేపును దానిని స్వస్థానముననే యుంచవలెనని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 21వ సెక్షను శాసించుచుండెను. చిక్కంతయు ఆ "కదలుచున్నంతసేపును" అను మాటయందే యున్నది. నేడు గార్డున్నదా యని చూచుటకు కన్నులు చాలును. నిన్న యుండెనా యని కనుగొనుటకు విద్య కావలెను.

ఆ విద్య తెలిసిన అధికారి నొక్కనినే నేను చూచితిని. ఆయన ప్రమాదముల రిజిస్టరు నడుగక ఉత్పత్తి పుస్తకమును తెప్పించి, 50 టన్నుల ప్రెస్సుమీది ఆపరేటరును పిలిచి, గార్డు కదల్పక పట్టుకారుతోనే పది బ్రాకెట్లు వంచి చూపుమని, చేతిగడియారమువైపు చూచుచు నిలిచెను. రెండు నిమిషములు పట్టినది. అనగా గంటకు 300, ఎనిమిది గంటలకు 2,400. పుస్తకమున ముందునాటి లెక్క 4,000 అని మా సూపర్‌వైజరు స్వహస్తముతో వ్రాసియుండెను.

"మిగిలిన 1,600 ఎట్లు కొట్టినావయ్యా?"

"గార్డు పెడితే లెక్క రాదు సార్" అని అతడు నేలచూపులు చూచెను.

ఇటీవల పరిచితుని షాపులో కీ క్లచ్ ప్రెస్సునకు లైట్ కర్టెన్ అమర్చియుండగా చూచితిని. ఆ జాతి క్లచ్ ఒకమారు ఫ్లైవీలును పట్టినదా, క్రాంకు పూర్తిచుట్టు తిరిగినగాని విడువదు. చేయి లోనికి వచ్చినదని కాంతిరేఖ గుర్తించినను రామ్ దిగియే తీరును. నడుమ నాపదగిన ఫ్రిక్షన్ క్లచ్ ప్రెస్సునకు ప్రాణరక్షకమైన ఆ సాధనము ఇచట కేవలము దీపాలంకారము. తనిఖీ పత్రమున మాత్రము దాని యెదుట టిక్కు పడియున్నది.

నాటి ఆ అధికారి తనిఖీ పిమ్మట మా షాపున కొన్ని నెలలు గార్డులు ప్రెస్సులనే అంటిపెట్టుకొని యుండెను. అటుపిమ్మట పెద్ద ఆర్డరొకటి వచ్చినది. అరిగిన కీ పట్టుతప్పి, పెడలు త్రొక్కకయే రామ్ రెండవమారు దిగినది.

1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టపు మొదటి షెడ్యూలులో వ్రేళ్లకు లెక్కలుండెను: సంపాదనాశక్తిలో నష్టము బొటనవ్రేలు పోయిన 30 శాతము, చూపుడువ్రేలు మొత్తము పోయిన 14, రెండు కణుపులే పోయిన 11, నడిమివ్రేలికి 12, ఉంగరపువ్రేలికిగాని చిటికెనవ్రేలికిగాని 7. ఈ పట్టికను నేను న్యాయశాస్త్రము చదివి నేర్చినవాడను గాను. ఆ ఆపరేటరు వెంట కాగితములు పట్టుకొని తిరిగిన దినములలో నేర్చితిని. అతనికి కట్టినది 11. ఆ మధ్యాహ్నము గార్డు గోడమీదనే యుండెను, పసుపురంగు చెక్కుచెదరక.