చికడీకి చద్దన్నం వేళ

మా మిషిగన్‌లో జనవరి మొదట్లో ఎనిమిదైతే గానీ పొద్దుపొడవదు. నేను కాఫీ కలుపుకునేలోపే వంటింటి కిటికీ బయట చికడీలు హాజరు. నల్లటోపీ, తెల్లబుగ్గలు, బూడిదరంగు రెక్కలు. తక్కెట్లో రెండు పదిరూపాయల బిళ్ళలు వేస్తే చాలు, చికడీ పైకి లేచిపోతుంది. అంత పిట్ట, సున్నాకి 20 డిగ్రీల కిందికి పోయిన చలిలో, దాదాపు 15 గంటల రాత్రి ఎలా గట్టెక్కుతుంది? పగలు తిన్నది కొవ్వవుతుంది, ఆ కొవ్వే రాత్రికి కుంపటి. అదీ చాలదనుకుంటే ఒంటి వేడిని పది డిగ్రీల దాకా తనే తగ్గించుకుని పొదుపు చేస్తుంది. తెల్లారేసరికి నిల్వ అడుగంటుతుంది. అందుకే ఆ పొద్దుటి హడావిడి.

మొదటి చలికాలం నేను చేసిన ఘనకార్యం దీపావళికి మిగిలిన కారప్పూస చల్లడం. పిట్టలకి ఉప్పు చేటని తెలియదు. పక్కింటి పెద్దాయన కంచె మీంచి చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్ళి, గ్లాసుడు నల్ల పొద్దుతిరుగుడు గింజలు తెచ్చిచ్చాడు. మరుసటి ఏడు చవకని కలగలుపు గింజల సంచి కొన్నాను. సగం ఎర్రజొన్న. మన జొన్నచేలల్లో వడిసెల పట్టుకుని మంచె ఎక్కేది పిట్టల బాధ పడలేకే కదా! ఇక్కడి చికడీలు మాత్రం జొన్నల్ని ముక్కుతో ఇటూ అటూ విసిరేసి, పొద్దుతిరుగుడు ఒక్కటే ఏరుకున్నాయి. కింద పడ్డవాటికి ఎలుకలు చేరాయి.

అమ్మ వచ్చిన ఏడు పేచీ కొవ్వు ముద్ద దగ్గర. వడ్రంగి పిట్టకి అదంటే ప్రాణం.

"ఏమిట్రా అది, కొబ్బరుండలా ఉంది?"

"గొడ్డు కొవ్వమ్మా."

అమ్మ చెయ్యి వెనక్కి తీసేసుకుంది. మర్నాడు ఉప్పు వెయ్యకుండా వేరుశనగపప్పు వేయించి, మెత్తగా నూరి, మేపుల్ చెట్టు బెరడు సందుల్లో మెత్తింది. సాయంత్రానికి వడ్రంగి పిట్ట దాన్నీ వదల్లేదు. "మా కోనసీమలో వసారాలో వరికంకుల కుచ్చు కట్టేవాళ్ళం. ఇన్ని తంటాలు లేవు" అంది.

నిజమే. కుచ్చు ఖాళీ అయితే తీసి పారేస్తాం. గింజల డబ్బా అలా కాదు. తడిసిన గింజకి బూజు, రెట్టలతో రోగాలు. హౌస్ ఫించ్ పిట్టలకి కళ్ళు వాచి మూసుకుపోయే జబ్బు ఇలాంటి డబ్బాల దగ్గరే అంటుకుంటుంది. కళ్ళు కనపడని పిట్ట ఎక్కువ రోజులు బతకదు. దయతో పెట్టిన తిండే దాని ప్రాణం తీసినట్టు.

అలాగని మనం పెట్టకపోతే లోకంలో పిట్టలుండవని విర్రవీగక్కర్లేదు. విస్కాన్సిన్‌లో 1980ల్లో చికడీలకి గుర్తులు కట్టి లెక్కేశారు. గింజల డబ్బాలున్న చోట చలికాలం దాటినవి 69 శాతం, లేనిచోట 37. కానీ తేడా అంతా గడ్డకట్టే రోజుల్లోదే. మామూలు చలిలో అవి బెరడు కింద పురుగుల గుడ్లు, శరత్కాలంలో దాచుకున్న గింజలు వెతుక్కుని తింటాయి. మన అవసరం పడేది ఆ నాలుగు దుర్దినాలకే. డబ్బా ఖాళీ కాకూడనిదీ అప్పుడే.

రెండు వారాలకోసారి, బ్లీచ్ ఒక వంతు, నీళ్ళు తొమ్మిది వంతులు కలిపి కడగండి. వేళ్ళు కొంకర్లు పోతాయి, తప్పదు. పూర్తిగా ఆరాకే గింజలు పొయ్యండి.