జిల్లెట్ ప్రకటనలు - ఒక పరిశీలన

సాహిత్య విమర్శ కోసం నడిచే పత్రికలో గడ్డం బ్లేడును గురించి వ్యాసమేమిటని పాఠకులు అడగవచ్చు. అడగటం న్యాయమే. కాని ఒక్క సంగతి ఆలోచించండి. ఉప్పల్ మెట్రో స్టేషను మెట్లు దిగే మనిషి కంట పడే మొదటి వాక్యం ఏ కవిదీ కాదు, ఏ కథకుడిదీ కాదు. ఒక వ్యాపార ప్రకటనది. దానికీ నాయకుడున్నాడు, కథ ఉన్నది, రసం ఉన్నది. మన మంచి కథను వేలమంది చదివితే దీన్ని లక్షలమంది చదువుతున్నారు. జనం మనసు మీద ఇంత పని చేసే రచనను, అది వ్యాపారమని పక్కకు నెట్టి, మనం చేసే విమర్శ ఎవరికోసం?

అన్ని ప్రకటనల్లోనూ జిల్లెట్ వారివే నేను ఎన్నుకోవటానికి కారణం ఉన్నది. ఆ కంపెనీ పెట్టినవాడు స్వయంగా రచయిత. అందులోనూ పోటీ వ్యవస్థను రద్దు చెయ్యాలని పుస్తకాలు రాసిన రచయిత.

కింగ్ క్యాంప్ జిల్లెట్ 1855లో అమెరికాలో పుట్టాడు. ఊరూరా తిరిగి కంపెనీల సరుకు అమ్మిపెట్టటం అతని ఉద్యోగం. 1894లో 'ది హ్యూమన్ డ్రిఫ్ట్' అనే పుస్తకం అచ్చువేశాడు. మనిషి కష్టాలకు మూలం పోటీ అనీ, ప్రజలందరూ వాటాదారులుగా ఒకే ఒక మహాసంస్థ ఏర్పడి ఉత్పత్తి అంతా అదే చెయ్యాలనీ, నయాగరా జలపాతపు శక్తితో నడిచే ఒకే మహానగరంలో జనం నివసించాలనీ అతని వాదం. ఈ కలను చూసి నవ్వి ఊరుకోనక్కర లేదు. లోపమెక్కడో చూడాలి. అందులో దుఃఖం ఉన్నది, లెక్కలున్నాయి, నగర నిర్మాణం ఉన్నది. పోరాటం మాత్రం లేదు. శ్రామికుడు చెయ్యవలసిందల్లా వాటాలు కొనటమే!

ఆ రచయితే వాడి పారవేసే బ్లేడును కనిపెట్టాడు. 1901లో కంపెనీ ఏర్పడింది. 1903లో అమ్ముడుపోయినవి 51 రేజర్లు, 168 బ్లేడ్లు. మరుసటి సంవత్సరం 90 వేలకు పైగా రేజర్లు, లక్షా 23 వేలకు పైగా బ్లేడ్లు. పేటెంటు వచ్చిందీ ఆ 1904లోనే. ధనవంతుడైన తరువాత కూడా అతను కలను వదలలేదు. 1910లో ప్రపంచ సంస్థ ఒకటి తలపెట్టి దానికి అధ్యక్షుడుగా ఉండమని థియొడోర్ రూజ్వెల్టుకు పది లక్షల డాలర్లు ఇవ్వజూపాడు. 1924 నాటి చివరి పుస్తకానికి అప్టన్ సింక్లెయిర్ చెయ్యి సాయం ఉన్నది. 1932లో, ఆస్తి చాలావరకు కరిగిపోయిన తరువాత, చనిపోయాడు. 2005లో అతని కంపెనీని ప్రాక్టర్ అండ్ గాంబుల్ 5,700 కోట్ల డాలర్లకు మింగివేసింది. పోటీని మింగే మహాసంస్థ ఏర్పడనే ఏర్పడింది. వాటాలు మాత్రం ప్రజలందరివీ కావు.

బ్లేడు కాగితం మీద ఏళ్ళ తరబడి అతని బొమ్మే వేశారు. ఆ బొమ్మకు మీసం ఉన్నది! లోకానికంతకూ గొరుగుడు నేర్పినవాడు తన మీసం జోలికి పోలేదు. మన తెలుగువాడు ఈ విషయంలో అతన్ని మెచ్చుకోక తప్పదు.

తొలి ప్రకటనల సారం ఒక్కటే: నీ గడ్డం నువ్వే గీసుకో, క్షౌరశాలకు పోయే డబ్బూ, కాలమూ మిగుల్చుకో. మొదటి ప్రపంచ యుద్ధం ఈ పాఠాన్ని సైనికుల చేత వల్లె వేయించింది. అమెరికా సైన్యం కోసం 35 లక్షల రేజర్లు, మూడు కోట్లకు పైగా బ్లేడ్లు పోయాయి. తరువాత కంపెనీ ఆటల్లో ప్రవేశించింది. 1939లో బేస్‌బాల్ పోటీల రేడియో ప్రసారం దాని ఖర్చు మీద జరిగింది. 1963లో ఇంగ్లండులో కౌంటీ జట్లకు మొదలైన, జట్టుకు 65 ఓవర్ల ఒక్కరోజు పోటీ పేరే జిల్లెట్ కప్పు. 1980 దాకా ఆ పేరు నడిచింది. 2005 నవంబరు 16న ఉప్పల్ స్టేడియంలో భారత, దక్షిణాఫ్రికా జట్లు మొదటి ఒక్కరోజు మ్యాచి ఆడినప్పుడు ఆ ఆట రూపం వెనక ఒక బ్లేడు కంపెనీ డబ్బు కూడా ఉన్నదని గేలరీల్లో ఎందరికి తెలుసు?

భారతదేశంలో ఇండియన్ షేవింగ్ ప్రొడక్ట్స్ పేరుతో 1984లో అడుగుపెట్టింది. 2002లో వెక్టర్ అనే రేజరును మన మార్కెట్టుకని తయారుచేశారు. దాన్ని పరీక్షించింది ఎవరి మీద? అమెరికాలో ఎం.ఐ.టి.లో చదివే భారతీయ విద్యార్థుల మీద! వాళ్ళకు కుళాయి నీళ్ళున్నాయి. ఇక్కడికి వచ్చేసరికి చెంబుడు నీళ్ళతో గీసుకునేవాడి రేజరు నురుగుతోనూ వెంట్రుకలతోనూ పూడుకుపోయింది. బుద్ధి వచ్చి తరువాత కంపెనీ వాళ్ళు వెయ్యిమందికి పైగా మనుషులతో మూడువేల గంటలు గడిపారట. గుడ్డి వెలుతురు, నేల మీద కూచోవటం, చేతిలో చిన్న అద్దం, గిన్నెలో నీళ్ళు - ఇవన్నీ చూశారు. 2010లో గార్డు వచ్చింది. రేజరు 15 రూపాయలు, బ్లేడు 5 రూపాయలు.

ఇక్కడ మన కథకుల మీద నాకొక ఫిర్యాదు ఉన్నది. నాచారం పారిశ్రామికవాడ పక్క సందుల్లో ఒక్కొక్క గదిలో నలుగురైదుగురు కార్మికులు, ఒకే అద్దం, ఒకే బకెట్టు పంచుకుని షిఫ్టు వేళకు తయారవుతారు. ఆ అద్దం ముందు మూడువేల గంటలు కాదు, ముప్పై గంటలు కూచున్న కథకుడు మనలో ఎంతమంది? వాస్తవికతను గురించి మనం తీర్మానాలు చేస్తుంటే, వాస్తవాన్ని పరిశీలించే ఓపిక బ్లేడు అమ్మేవాడికి ఉన్నది. అయితే వాడు చూసింది చెంప వరకే. ఆ చెంప కింద దవడ ఎందుకు లోపలికి పోయిందన్నది వాడికి అక్కర లేని ప్రశ్న.

2009 తరువాత ప్రకటనల స్వరం మారింది. మొదట గడ్డం పెంచినవాణ్ణి ఆడవాళ్ళు మెచ్చరని బెదిరించారు. 2012 డిసెంబరులో ఢిల్లీ ఘోరం జరిగింది. 2013లో అదే కంపెనీ స్త్రీల కోసం సైనికులు కమ్మని మగవాళ్ళకు పిలుపు ఇచ్చింది. 2019 జనవరిలో అమెరికాలో మగవాళ్ళ దుష్ప్రవర్తన మీద పెద్ద ప్రకటన వచ్చింది. ఆ ఏప్రిల్‌లో మన దేశంలో వచ్చిన చిత్రమే నేను ముఖ్యంగా చర్చించదలచుకున్నది.

ఉత్తరప్రదేశ్‌లోని బన్వారీ టోలా అనే పల్లె. తండ్రి జబ్బు పడితే ఇద్దరు అక్కచెల్లెళ్ళు అతని క్షౌరశాల నడుపుతారు. ఇది కల్పన కాదు, జరిగిన కథ. ఒక చిన్నపిల్లవాడి కళ్ళతో చెప్పారు. ఆడపిల్లలు గడ్డం గీయటమేమిటని వాడికి సందేహం. పట్టుకున్నది ఆడచెయ్యో మగచెయ్యో కత్తికేం తెలుసునంటాడు తండ్రి. చిత్రం బాగుంది. కంపెనీ ఆ పిల్లల చదువుకూ శిక్షణకూ సాయం చేసింది. మే నెలలో సచిన్ టెండూల్కర్ వాళ్ళ చేత గడ్డం గీయించుకుని, ఇంతకు మునుపు తాను మరొకరి చేత ఎన్నడూ గీయించుకోలేదని ప్రకటించాడు.

కత్తికి ఆడా మగా తెలియదు, సరే. కులం? చిత్రంలో ఆ మాటే వినపడదు. కాని మన పల్లెల్లో కత్తి ఎవరి చేతికి వచ్చిందన్నది పుట్టుక నిర్ణయించిన సంగతి. తెలంగాణలో దొరల గడీలకు క్షౌరవృత్తివారు వెట్టిగా వెళ్ళి గడ్డాలు గీయటమే కాక రాత్రిళ్ళు దొరల కాళ్ళు పిసకవలసి వచ్చేది. 1946-51 నాటి సాయుధ పోరాటం ఎత్తిన నినాదాల్లో వెట్టి రద్దు ముఖ్యమైనది. ఈ చరిత్రను వదిలేసి లింగభేదం ఒక్కదాన్నే చూపించిన చిత్రం అబద్ధం చెప్పలేదు. నిజాన్ని తనకు కావలసినంత మేరకు గొరిగింది. ఒక తరం పాటు క్షౌరశాలకు పోవద్దని బోధించిన కంపెనీ, మరొక తరానికి క్షౌరశాలనే తన ఔదార్యానికి రంగస్థలం చేసుకున్నది. ఈ వైరుధ్యాన్ని చూపించనివాడు ఆ చిత్రాన్ని ఎంత పొగిడినా విమర్శ కాదు.

నాచారంలో నేను వెళ్ళే కటింగ్ షాపు యజమానికి ఫోనులో ఆ చిత్రం చూపించాను. చివరిదాకా శ్రద్ధగా చూశాడు. "పిల్లలు మంచిగ చేస్తున్నరు సారూ" అన్నాడు. తరువాత, "కత్తికి తెల్వదు గానీ, పిలిచేటోనికి తెలుసు గద. మా ఊర్ల మా నాయనను పేరు పెట్టి ఎవరు పిలిచిండ్రు? కులం పేరే పిలిచిండ్రు" అన్నాడు. నేను పై పేరాలో చెప్పటానికి తంటాలు పడిన మాట అదే.

అతని వ్యాపారం బ్లేడు కంపెనీ అనుకున్నట్టు దెబ్బతినలేదు. 2017లో 'అర్జున్ రెడ్డి' వచ్చాక గడ్డం తీయించుకునేవాళ్ళు తగ్గి, గడ్డం సెట్ చెయ్యమనే కుర్రాళ్ళు పెరిగారట. ప్రపంచమంతటా ఇదే గాలి. 2019 జూలైలో ప్రాక్టర్ అండ్ గాంబుల్ తన పుస్తకాల్లో జిల్లెట్ విలువను 800 కోట్ల డాలర్లు తగ్గించుకున్నది. 2021 ఏప్రిల్ నుంచి తెలంగాణ ప్రభుత్వం ఈ షాపులకు నెలకు 250 యూనిట్ల దాకా ఉచిత విద్యుత్తు పథకం పెట్టింది. అతని భయమల్లా మెయిన్ రోడ్డు మీద ఏసీలతో వెలిసే పెద్ద కంపెనీల సెలూన్లను గురించే. అక్కడ తన కొడుకు జీతానికి కుదరాల్సి వస్తుందేమోనంటాడు.

గార్డు రేజరు వాడతావా అని అడిగాను. "గది ఇంట్ల గీసుకునేటోళ్ళకు సారూ. మాకు రెండంచుల బ్లేడే కావాలె. ఇరుస్తే రెండు గడ్డాలకు వస్తది" అంటూ కొత్త బ్లేడును కాగితంతోనే మధ్యకు విరిచి, సగం కత్తిలో బిగించాడు.